పరిగెత్తే మోకాలికి చేతి సాయం

తెల్లవారుజామున అయిదింటికి మా పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్ళే రోడ్డు మీద నిలబడితే రెండు రాష్ట్రాల పిల్లలు ఎదురెదురుగా పరిగెత్తుతూ కనిపిస్తారు. ఒడిశా పోలీసుకి తయారయ్యేవాళ్ళు, ఆంధ్రా పోలీసుకి తయారయ్యేవాళ్ళు, ఆర్మీలో చేరాలని 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసేవాళ్ళు. ఈ మధ్య నలభై దాటిన లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు కూడా వస్తున్నారు. విశాఖ బీచ్ రోడ్డు మీద నేవీ వాళ్ళు పెట్టే మారథాన్‌కి పేరిచ్చిన ఆడవాళ్ళూ ఉన్నారు.

నేను ఫిజియోథెరపిస్టుని. కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో చదువుకుని వచ్చి పదిహేడేళ్ళుగా ఈ ఊళ్ళోనే పని చేస్తున్నాను. పరుగు తీసేవాళ్ళు నా దగ్గరకొచ్చి ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "అక్కా, పడలేదు, దెబ్బేం తగల్లేదు. ఊరికే మోకాలు పట్టేసింది." అలా దెబ్బ లేకుండా, రోజూ చేసే పనే చేయగా చేయగా వచ్చే నొప్పికి ఇంట్లోనే చేతులతో ఏం చేసుకోవచ్చో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో చెబుతాను. స్నేహితుడో, అన్నదమ్ములో, భార్యాభర్తలో ఒకరికొకరు చేసుకునేలా రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది చెప్పాలి. పదేళ్ళ కిందట నేను హాఫ్ మారథాన్‌కి, అంటే 21.1 కిలోమీటర్లకి, సాధన చేసేదాన్ని. ఆదివారాలు ఆర్. ఉదయగిరి వైపు ఘాట్ దిగుతూ పరిగెత్తేదాన్ని. ఏడో కిలోమీటరు దగ్గర కుడి మోకాలి బయటి వైపు సూదితో పొడిచినట్టు నొప్పి మొదలైంది. ఒక శిబిరంలో మసాజ్ చేసే ఆయన ఆ నొప్పి ఉన్న ఎముక మీదే మోచెయ్యి ఆన్చి పది నిమిషాలు నలిపాడు. "నొప్పి వస్తేనే లోపల గడ్డ విరుగుతుంది" అన్నాడు. చదువుకున్నదాన్నే అయినా పంటి బిగువున భరించాను. మర్నాటికి అక్కడ కమిలిపోయింది. తొమ్మిది రోజులు మెట్లు దిగలేకపోయాను. అక్కడ విరగ్గొట్టాల్సిన గడ్డ ఏదీ లేదు. ఉన్నది అప్పటికే నలిగి ఉన్న మెత్తటి పొర, దాన్ని ఇంకా నలిపారు. నొప్పి ఉన్న చోటు, చెయ్యి పెట్టాల్సిన చోటు చాలాసార్లు వేరువేరుగా ఉంటాయని అప్పుడు ఒంటికి తెలిసింది.

ఇంకో సంగతి. చేతి వైద్యం నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది, కానీ కొద్దిసేపే. కొందరికి అరగంట, కొందరికి ఒక పూట, మహా అయితే ఒకటి రెండు రోజులు. నొక్కడం వల్ల ఎముకలు సర్దుకోవు, కండలో ముడులు విడిపోవు. చర్మం, కండ, కీలు నుంచి వెళ్ళే కొత్త కబురుతో నరాల వ్యవస్థ ఆ నొప్పి గంటని కాస్త తగ్గించి మోగిస్తుంది. 2019లో అమెరికా ఫిజికల్ థెరపీ అసోసియేషన్ ఆర్థోపెడిక్ విభాగం మోకాలి చిప్ప నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాలు, చేతి వైద్యం ఒక్కటే చేసి ఊరుకోవద్దని, తుంటికీ తొడకీ బలాన్నిచ్చే వ్యాయామమే అసలు మందు అని చెప్పాయి. నా అనుభవం కూడా అంతే. అలాగని చేతుల పని వృథా అని కాదు. మెట్టు దిగితేనే విలవిల్లాడే మనిషి చేత వ్యాయామం ఎలా చేయిస్తాం? చేతులతో ఆ నొప్పిని ఒక గంట పాటు పక్కకి జరిపితే ఆ గంటలో కాలికి పని చెప్పొచ్చు. కింద చెప్పే ప్రతి పట్టూ ఆ గంట కోసమే.

వేలు పెట్టి చూపించు, మాటతో చెప్పు

నొప్పి ఎక్కడ అని అడిగి, చేత్తో చూపించమంటాను. చూపించే తీరులోనే సగం తెలిసిపోతుంది.

అరచెయ్యి మొత్తం చిప్ప మీద పెట్టి గుండ్రంగా తిప్పి "ఇక్కడే ఎక్కడో, లోపల" అంటే అది ఎక్కువగా చిప్ప నొప్పి. మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు, బరంపురం దాకా బస్సులో కాళ్ళు ముడుచుకుని కూర్చుని లేచినప్పుడు పెరుగుతుంది. పరుగు తీసేవాళ్ళలో బాగా ఎక్కువగా కనిపించేది ఇదే.

ఒక్క వేలితో మోకాలి బయటి వైపు ఎముక మీద గుచ్చి "సరిగ్గా ఇక్కడ" అంటే ఐటీ బ్యాండ్ అనుకోవచ్చు. తుంటి పక్క నుంచి తొడ బయటి వైపుగా మోకాలి కింద దాకా దిగే గట్టి పట్టీ అది. మోకాలు సుమారు 30 డిగ్రీలు వంగినప్పుడు ఈ పట్టీ ఎముకకి అదుముకుంటుంది. పరుగులో ప్రతి అడుగుకీ కాలు ఆ కోణం దాటి వెళ్తుంది కాబట్టి కింద ఉన్న కొవ్వు పొర నలుగుతుంది. దీనికి ఒక లెక్క ఉంటుంది: నాలుగు కిలోమీటర్ల దాకా ఏమీ ఉండదు, అయిదోది మొదలవగానే పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. దిగుడు రోడ్డు మీద తొందరగా వస్తుంది.

చిప్ప కింది అంచున, తాడులా గట్టిగా తగిలే చోట నొప్పి ఉండి, పరుగు మొదట్లో బాధించి, ఒళ్ళు వేడెక్కాక తగ్గి, మర్నాడు పొద్దున్న మళ్ళీ పట్టేస్తే అది అక్కడి టెండన్ (కండ లాగుడుని ఎముకకి అందించే గట్టి తాడు) నొప్పి. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి దానికింకా కింద, కాలి ఎముక మీద బుడిపె లేచి నొప్పి పెడితే అది ఎదిగే వయసులో వచ్చే నొప్పి. ఆ బుడిపెని అస్సలు నొక్కొద్దు. పరుగు తగ్గించి డాక్టరుకి చూపించండి.

ఇక మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం నోట్లో ఉన్న మాటకి విలువ ఇవ్వాలన్న ఆయన పట్టుదల నాకు వైద్యంలో రోజూ పనికొస్తుంది. "నొప్పి" అని ఊరుకుంటే నాకు చాలదు. లాగుతోందా, గుచ్చుతోందా, సలుపుతోందా, మంటా, తిమ్మిరా అని అడుగుతాను. ఒడియా పిల్లలు ఆంఠు బింధుచి (మోకాలు నొప్పి పెడుతోంది) అంటే వాళ్ళనీ అలాగే తరచి అడుగుతాను. లాగుతోందన్నా, పరిగెత్తినప్పుడు గుచ్చుతోందన్నా చేతులకి పని ఉంది. రాత్రి పడుకున్నాక కూడా సలుపుతుంటే, మంటా తిమ్మిరీ పాదం దాకా దిగుతుంటే నేను నూనె సీసా పక్కన పెట్టేస్తాను.

చెయ్యి వేయకుండా ముందు డాక్టరు దగ్గరకి పంపాల్సినవి ఇంకా ఉన్నాయి. మోకాలు వాచి బంతిలా ఉంటే, ఎర్రగా వేడిగా ఉండి జ్వరం కూడా ఉంటే, మధ్యలో తలుపు గడియ పడ్డట్టు బిగుసుకుని చాపడం రాకపోతే, నడుస్తుంటే జారిపోతున్నట్టు ఉంటే, 'టప్' మని శబ్దం వచ్చి వెంటనే వాచి ఉంటే, నాలుగడుగులు కూడా బరువు వేయలేకపోతే. పిక్క ఒక్కటే వాచి, వేడిగా, పట్టుకుంటే నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కట్టడం కావచ్చు. దాన్ని పొరపాటున కూడా పిసకకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మోకాలు నొప్పంటూ వచ్చి ఒంటికాలి మీద గెంతమంటే గజ్జల్లో నొప్పి చూపించేవాళ్ళు కూడా ఉంటారు. తుంటి ఎముకలో సన్నటి పగులు ఉన్నా నొప్పి మోకాలికి దిగుతుంది. కాలి ఎముక మీద ఒకే చుక్క దగ్గర నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే అక్కడా పగులు అనుమానించాలి. సెలక్షన్ దగ్గర పడిందని ఇలాంటివి దాచి పరిగెత్తే పిల్లల్ని చూస్తే నాకు భయమేస్తుంది. పగులు పూర్తిగా విరిగితే ఆ ఏడాదే కాదు, ఉద్యోగమే పోతుంది.

చెయ్యి వేసే ముందు

నులక మంచం వద్దు, నడుము కుంగిపోతుంది. నేల మీద చాప, దాని మీద దుప్పటి మడత చాలు. గోళ్ళు తీసేయండి. పడుకున్నవాళ్ళ మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టండి, కాలు కొంచెం వంగి తొడ కండ వదులవుతుంది. బిగబట్టిన కండ మీద ఎంత నొక్కినా లాభం లేదు.

మా ఇళ్ళలో ఆవనూనె ఉంటుంది, పాతపట్నం వైపు నువ్వుల నూనె. ఏదైనా ఒకటే. నూనె మందుగా కీలు లోపలికి వెళ్ళదు, చెయ్యి జారడానికే. నాలుగు చుక్కలు చాలు, ఎక్కువైతే పట్టు దొరకదు. చిప్పని జరిపే పనికి అసలు నూనె వద్దు. మండే బామ్ రాసి గట్టిగా రుద్దితే చర్మం కాలినట్టవుతుంది, అదీ వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది, ముందూ వెనకా కొలుచుకోవడం. అరుగు చివర ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మడమ కింది మెట్టుకి తాకేదాకా మెల్లగా దిగండి. నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంతో ఒక అంకె చెప్పండి. చేతి పని అయ్యాక మళ్ళీ అదే మెట్టు, అదే కాలు. ఆరు ఉన్నది మూడయితే ఆ పట్టు మీకు పని చేసింది. ఆరు ఆరే ఉంటే అది మీకు కాదు, గట్టిగా నొక్కితే పని చేస్తుందేమో అనుకోవద్దు, వేరేది చూడండి. ఏడయితే ఆ రోజుకి ఆపేయండి. నొక్కుతున్నప్పుడు కూడా అడుగుతూనే ఉండాలి. "హాయిగా నొప్పి" అనేది నాలుగు దాటకూడదు. ఊపిరి బిగబట్టాడంటే, కాలి వేళ్ళు ముడుచుకున్నాయంటే నోటితో చెప్పకపోయినా ఎక్కువైందని అర్థం.

రెండు చోట్ల బరువు వేయొద్దు. మోకాలి వెనక గుంటలో పెద్ద రక్తనాళం, నరం ఉంటాయి. మోకాలి బయటి వైపు కొంచెం కిందగా చిన్న గుండు ఎముక ఒకటి తగులుతుంది, దాని మెడ చుట్టూ ఒక నరం చర్మం కిందే తిరిగి వెళ్తుంది. అక్కడ గట్టిగా నొక్కితే పాదం మీద తిమ్మిరెక్కుతుంది, బాగా నలిగితే పాదం పైకి లేపడమే కష్టమవుతుంది.

తొడ

చిప్ప నొప్పికి నేను మొదట చెయ్యి వేసేది తొడ మీద. కూర్చుని, చిప్పకి నాలుగు వేళ్ళ పైన అరచేతి కింది గట్టి భాగం ఆన్చి, తొడ సగం దాకా మెల్లగా పైకి తోయండి. ఒక్కో తోపుకి అయిదారు సెకన్లు పట్టాలి. రోకలితో దంచినట్టు కాదు, చపాతీ పిండి మీద చెయ్యి బరువు వదిలినట్టు. మధ్యలో పది సార్లు, బయటి వైపు పది సార్లు, లోపలి వైపు అయిదు సార్లు. పరుగు తీసేవాళ్ళకి బయటి వైపు కండ తాడులా తగులుతుంది, అక్కడ ముంజేయి వాడితే మీ బొటనవేళ్ళు మిగులుతాయి. రోజంతా బొటనవేళ్ళతో నొక్కి వేళ్ళ కీళ్ళు పాడుచేసుకున్న తోటివాళ్ళని చూశాను, అందుకే ఈ జాగ్రత్త.

ఎక్కడైనా ప్రత్యేకంగా బిగుసుకున్న చోటు తగిలితే అక్కడ ఆగి, అదిమిపట్టి, అవతలివాళ్ళని మెల్లగా మోకాలు వంచి చాపమనండి. ఎనిమిది పది సార్లు. ఊరికే నొక్కడం కన్నా ఇలా కదలికతో కలిపి నొక్కడం నాకు బాగా ఫలితం ఇచ్చింది. మొత్తం తొడకి నాలుగైదు నిమిషాలు చాలు.

చిప్ప

తువ్వాలు అలాగే ఉంచి, తొడ పూర్తిగా వదులుగా ఉందో లేదో చూడండి. చిప్పని రెండు వేళ్ళతో అటూ ఇటూ కదిపితే తేలిగ్గా జరగాలి. రెండు బొటనవేళ్ళు పక్కపక్కనే చిప్ప బయటి అంచుకి ఆన్చి లోపలి వైపు, అంటే రెండో కాలి వైపు, తోయండి. ఒక సెకను తోసి, ఒక సెకను వదిలి, అదే లయలో ముప్పై సెకన్లు. కాస్త ఆగి ఇంకో రెండు సార్లు. తర్వాత చిప్ప పై అంచుకి బొటనవేలు, చూపుడు వేలు మధ్య సందు ఆన్చి పాదం వైపు అలాగే. తోపు ఎప్పుడూ నేలకి సమాంతరంగా జారాలి. చిప్పని కింద ఎముకలోకి అదమకూడదు. లోపల కరకర తగిలినా నొప్పి లేకపోతే భయం లేదు.

ఎప్పుడైనా చిప్ప పక్కకి తప్పిపోయినవాళ్ళకి, తోస్తుంటే "జారిపోతుంది, ఆపు" అని భయపడేవాళ్ళకి ఇది చేయొద్దు.

చిప్ప దగ్గర ఇంకో సాయం టేపు. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెన్నీ మెకానెల్ 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చిప్ప బయటి అంచు నుంచి లోపలి వైపు లాగుతూ సాగని టేపు అంటిస్తారు. టేపు వేశాక మెట్టు దిగి చూస్తే అంకె తగ్గాలి, తగ్గకపోతే తీసేయడమే. చిప్ప ఎక్కడికో జరిగిపోయి స్థిరపడుతుందని అనుకోవద్దు, ఇదీ తాత్కాలిక ఉపశమనమే. మా వేసవి చెమటకి టేపు కింద చర్మం పాచిపోయినట్టై దురద మొదలవుతుంది. నూనె లేకుండా కడిగి తుడిచిన కాలికి వేసి, పరుగు కాగానే, తడిపి మెల్లగా తీసేయండి. మూడు నాలుగు వారాల్లో టేపు అవసరం తీరిపోవాలి. మొదటిసారి తెలిసినవాళ్ళ చేత వేయించుకుని చూసి నేర్చుకోండి.

బయటి నొప్పికి పైన వెతకండి

ఐటీ బ్యాండ్ నొప్పి ఉన్నవాళ్ళు ఫోమ్ రోలర్ (గట్టి నురుగుతో చేసిన దుంగ లాంటిది) కొనుక్కుని తొడ పక్క మీద పళ్ళు బిగించి దొర్లుతుంటారు. ఆ పట్టీ చాలా గట్టి పదార్థం. రోలరుతోనో చేతులతోనో దాన్ని చెప్పుకోదగ్గంత సాగదీయలేం. కానీ దాన్ని పైన పట్టుకుని ఉన్న కండల్ని వదులు చేయొచ్చు.

మొదటిది ప్యాంటు పక్క జేబులో చెయ్యి దూర్చే చోట, తుంటి ముందు పక్కగా ఉండే కండ. అవతలివాళ్ళు నొప్పి కాలు పైకి వచ్చేలా పక్కకి తిరిగి పడుకుని, రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి. మీరు వెనక కూర్చుని, మడిచిన పిడికిలి మెటికలతో కాకుండా పిడికిలి పక్కభాగంతో అక్కడ అదిమి, ముప్పై నుంచి అరవై సెకన్లు ఉంచండి. కింద వదులవుతున్నట్టు తెలుస్తుంది. రెండోది పిర్ర పైభాగం. ఒంటరిగా ఉంటే గోడకి ఒక టెన్నిస్ బంతి ఆన్చి పిర్రతో దాని మీద వాలితే చాలు. తుంటి పక్కన పొడుచుకొచ్చే ఎముక మీద మాత్రం బంతి పెట్టొద్దు, దాని వెనక మెత్తటి కండ మీదే పెట్టండి. ఆ తర్వాత తొడ బయటి కండకి ఇందాక చెప్పినట్టు తోపులు, మోకాలికి ఒక జానెడు పైనే ఆగిపోవాలి. నొప్పి ఉన్న ఎముకని తాకొద్దు. నాకు ఆ రోజు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది.

చిప్ప కింది టెండన్ నొప్పికి అడ్డంగా గట్టిగా రుద్దే పాత పద్ధతి ఒకటి ఉంది. నేను దాదాపు మానేశాను. దానికి బదులు గోడకి వీపు ఆన్చి కుర్చీలో కూర్చున్నట్టు, నొప్పి భరించేంత లోతులో, 45 సెకన్లు నిలవడం, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ, అలా నాలుగైదు సార్లు చేయిస్తాను. చాలామందికి చేతులకన్నా అదే తొందరగా నొప్పి తగ్గిస్తోంది.

పిక్క సంగతి త్వరగా చెప్పేస్తాను. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలు గోడకి తాకించండి. బొటనవేలు గోడకి ఎంత దూరంలో ఉండగా తాకుతోందో రెండు కాళ్ళకీ కొలవండి. నొప్పి కాలు రెండు మూడు సెంటీమీటర్లు వెనకబడితే ఆ పిక్కకి కూడా అయిదు నిమిషాలు పిసుకుడు, తర్వాత అదే గోడ కదలిక పదిహేను సార్లు.

ఆ గంటలో చేయాల్సింది

చేతి పని మొత్తం పావుగంట మించకూడదు. మెట్టు దగ్గర అంకె తగ్గిందా? అయితే పడుకుని సెల్లు చూడకండి, వెంటనే లేవండి.

పక్కకి పడుకుని పై కాలు నిటారుగా, కొంచెం వెనక్కి, మెల్లగా పైకి లేపి దించడం. వెల్లకిలా మోకాళ్ళు వంచి నడుము లేపడం, కొన్నాళ్ళకి ఒంటికాలితో. కుర్చీ మీద నుంచి చేతుల సాయం లేకుండా మెల్లగా లేచి మెల్లగా కూర్చోవడం. చివరగా ఇటుక మీద నుంచి, తర్వాత మెట్టు మీద నుంచి, ఒంటికాలితో దిగడం. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా పాదం రెండో వేలి వైపే చూడాలి. ఎదురుగా అద్దం లేకపోతే ఫోన్‌లో వీడియో తీసి చూసుకోండి. ఒక్కోటి పదేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. చివరి రెండు మూడు సార్లు కష్టంగా ఉండాలి. తేలిగ్గా అయిపోతుంటే బియ్యం సంచో నీళ్ళ డబ్బానో పట్టుకోండి. వారంలో మార్పు కోసం వెతక్కండి. కండకి బలం రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. చేతి పని మొదటి రెండు మూడు వారాలు, వారానికి రెండు మూడు సార్లు చాలు, తర్వాత దాని అవసరం తగ్గుతూ పోవాలి. మూడు నెలలైనా ప్రతి పరుగుకీ ముందు ఎవరో ఒకరు తొడ పిసికితే తప్ప కుదరడం లేదంటే ఎక్కడో లెక్క తప్పుతోంది. ఎక్కువగా అది పరుగులోనే ఉంటుంది.

పరుగు మానమని నేను చాలా అరుదుగా చెబుతాను. పరిగెత్తుతుండగా నొప్పి మూడు లోపల ఉండి, ఇరవై నాలుగు గంటల్లో మళ్ళీ మామూలుకి వచ్చేస్తే ఆ దూరం మీకు సరిపోతున్నట్టే. మర్నాడు పొద్దున్న మెట్ల దగ్గర నిన్నటికంటే ఎక్కువ ఉంటే దూరం తగ్గించండి. అయిదో కిలోమీటరులో పట్టేస్తే మూడున్నరకే ఆపి, రోజు విడిచి రోజు వెళ్ళండి, నొప్పి రాకపోతే మెల్లగా పెంచండి. ఘాట్ దిగడం కొన్నాళ్ళు పూర్తిగా వద్దు. ఎక్కి, దిగేటప్పుడు నడిచి రండి. మా పాతపట్నం రోడ్డు మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం. ఎప్పుడూ ఒకే అంచున పరిగెత్తేవాళ్ళకి ఒక కాలి మీదే వాలు పడుతుంది. ట్రాఫిక్ లేని చోటు, చదునైన మైదానం చూసుకోండి.

అడుగుల లెక్క ఒకసారి చూసుకోండి. మామూలు వేగంతో పరిగెత్తుతూ అర నిమిషంలో కుడి పాదం ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 39 వస్తే నిమిషానికి 156 అడుగులు. వేగం పెంచకుండా, అడుగు చిన్నది చేసి, దాన్ని అయిదు నుంచి పది శాతం పెంచాలి, అంటే 164 నుంచి 171 మధ్య. పాదం ఒంటికి మరీ ముందు పడకుండా దగ్గర పడుతుంది, మోకాలి మీద బరువు తగ్గుతుంది. మొదట వింతగా ఉంటుంది. పరుగులో ఒక నిమిషం ఇలా, రెండు నిమిషాలు మామూలుగా, అలా అలవాటు చేసుకోండి. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక సవర అబ్బాయికి నేను చేసిన వైద్యంలో నాలుగింట మూడు వంతులు ఇదే. కొండ దారుల్లో పెద్ద అంగలతో దిగడం వాడికి చిన్నప్పటి నుంచి అలవాటు. అంగ చిన్నది చేయడానికి నెల పట్టింది, కానీ ఆ నెల తర్వాత నా చేతుల అవసరం వాడికి రాలేదు.

"గుజ్జు అరిగిపోతుందేమో, పరుగు మానేయమంటున్నారు ఇంట్లో" అని ఆడపిల్లలు ఎక్కువగా అడుగుతారు. ఆరోగ్యం కోసం పరిగెత్తేవాళ్ళని, అసలు పరిగెత్తనివాళ్ళని పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో లెక్క వేస్తే, తుంటి, మోకాలి అరుగుదల పరిగెత్తేవాళ్ళలో 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం కనిపించింది. పోటీల్లో తీవ్రంగా పరిగెత్తేవాళ్ళలో మాత్రం 13.3 శాతం. మీ అమ్మగారికి ఈ అంకెలు చెప్పండి చెల్లీ, చిప్ప నొప్పి అంటే గుజ్జు అరిగినట్టు కాదని కూడా చెప్పండి.

పోటీ లేదా సెలక్షన్ వారంలో ఉందంటే కొత్త పట్టు ఏదీ మొదలుపెట్టొద్దు. గట్టి పిసుకుడు మూడు రోజుల ముందే ఆపేయండి, లేకపోతే ఆ రోజుకి తొడలు నొప్పితో బరువుగా ఉంటాయి. అప్పటికే మీకు పని చేసిందని మెట్టు దగ్గర తేలిన చిప్ప జరుపు, ముప్పై సెకన్ల చొప్పున మూడు సార్లు, పరుగుకి ముందు చేసుకోవచ్చు. నొప్పి ఇంజక్షన్ వేయించుకునో మాత్ర మింగో మైదానంలోకి దిగొద్దు. నొప్పి తెలియని కాలు హద్దు దాటుతుంది, ఎండలో చెమట పోయి నీళ్ళు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు మూత్రపిండాల మీద పడతాయి. పొద్దున్నే మెట్టు దిగి చూసుకోండి. అయిదు దాటితే, ఆ రోజు పరిగెత్తాలా వద్దా అని మీ కోచ్‌తో, మీ ఫిజియోతో మాట్లాడాకే బూట్ల లేసులు కట్టండి.